కదిలే పాలపన్ను: ఇంట్లో వినబడే మాటలు, అసలు సంగతులు

"పన్ను కదులుతోంది డాక్టరు గారూ, లాగేయమంటారా, వదిలేయమంటారా?" ఆరేళ్ల పిల్లలున్న ఇళ్ల నుంచి పిల్లల పళ్ల డాక్టర్లకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. అప్పటికే అమ్మమ్మ ఒకటి చెప్పి ఉంటుంది, పక్కింటావిడ ఇంకొకటి చెప్పి ఉంటుంది, దారం కట్టి తలుపు దబాలున వేసే వీడియో ఒకటి ఫ్యామిలీ గ్రూపులోకి వచ్చి ఉంటుంది. పిల్లాడేమో రెండు పెదాలూ బిగించి ఎవరినీ దగ్గరికి రానివ్వడు. ఈ మాటల్లో ఏది ఎంతవరకు నిజమో చెబుతాను.

"పన్ను ఊడింది కానీ వేరు లోపలే విరిగిపోయింది"

ఊడిన పన్నును దూదిలో చుట్టి తెచ్చి మరీ చూపిస్తారు. పైన తెల్లటి చిన్న పలక, కిందేమో ఖాళీ. తిప్పి చూస్తే అడుగున గుంట ఉంటుంది, దాని అంచు గోటికి గరుకుగా తగులుతుంది, కొంచెం రక్తం ఎండి ఉంటుంది. చూడగానే విరిగినట్టే అనిపిస్తుంది. నిజానికి అది విరగలేదు, కరిగింది.

పాలపన్నుకీ వేరు ఉంటుంది, బాగా పొడుగ్గానే ఉంటుంది. కింద అసలు పన్ను తయారై పైకి జరుగుతున్నకొద్దీ, పాలపన్ను వేరును కరిగించే కణాలు అక్కడ చేరి పని మొదలుపెడతాయి. ఈ పని ఊడటానికి చాలా నెలల ముందే మొదలవుతుంది. ఒకే వేగంతో కూడా సాగదు. కొన్నాళ్లు కరుగుతుంది, కొన్నాళ్లు ఆగుతుంది, ఆగినప్పుడు పన్ను మళ్లీ కొంచెం గట్టిపడుతుంది. "పోయిన వారం ఊగింది, ఇప్పుడు కదలట్లేదు" అని కంగారు పడేవాళ్లకు జవాబు ఇదే. వేరంతా కరిగాక పన్నును పట్టుకుని ఉండేది చిగురు ఒక్కటే. అందుకే తనంతట తాను ఊడిన పన్నుకు వేరు కనబడదు.

నొప్పి లేకుండా పన్ను ఊడే కిటుకు కూడా ఇక్కడే ఉంది. వేరు కరిగిపోయిన పన్నును ఎవరు తీసినా నొప్పి ఉండదు, వేరు మిగిలిన పన్నును ఎంత ఒడుపుగా లాగినా నొప్పి పుడుతుంది. చెయ్యి తిరిగినవాళ్లు కావాలని వెతకడం కన్నా పన్ను సిద్ధంగా ఉందో లేదో చూసుకోవడం ముఖ్యం.

"దారం కట్టి ఒక్క గుంజు గుంజితే అయిపోతుంది"

అయిపోతుంది, వేరు పూర్తిగా కరిగి ఉంటే. అప్పుడు దారం కూడా అక్కర్లేదు. వేరు ఇంకా సగం ఉండగా గుంజితే చిగురు చీరుకుంటుంది, రక్తం ఎక్కువ పోతుంది, ఒక్కోసారి వేరు ముక్క నిజంగానే లోపల ఉండిపోతుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. ఇంకా ఊడాల్సిన పళ్లు పందొమ్మిది ఉన్నాయి. మొదటి పన్నుకే బెదిరిన పిల్లాడు మిగతా అన్నింటికీ నోరు తెరవడు, బ్రష్ కూడా సరిగ్గా పెట్టనివ్వడు. తర్వాత నా దగ్గరికి వచ్చి కుర్చీ ఎక్కించేసరికి వాళ్ల నాన్నకు చెమటలు పడతాయి.

పన్ను సిద్ధమైందని ఎలా తెలుస్తుంది? పిల్లలు నాలుకతో నెడితే ముందుకీ వెనక్కీ దాదాపు పడుకోవాలి, పక్కకు కూడా తిరగాలి, అలా తిప్పుతున్నప్పుడు వాళ్ల ముఖంలో బాధ కనబడకూడదు. ముందుకీ వెనక్కీ మాత్రమే కొంచెం ఊగుతుంటే ఇంకా టైముంది.

సిద్ధమైతే ఇలా చేయండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. ఒక ఐస్ ముక్కను శుభ్రమైన గుడ్డలో చుట్టి చిగురు దగ్గర ఒకటి రెండు నిమిషాలు ఆనించండి, లేదా పుల్ల ఐస్ చప్పరించనివ్వండి, చలికి ఆ చోటు కొంచెం తిమ్మిరెక్కుతుంది. తర్వాత ఉతికిన చేతిరుమాలుతోనో గాయాలకు కట్టే పలచటి గాజు గుడ్డతోనో పన్నును పట్టుకుని మెల్లగా మెలితిప్పినట్టు తిప్పండి. పైకి లాగొద్దు. రెండు మూడు తిప్పులకు చేతిలోకి రాకపోతే, లేదా పిల్లాడు "అబ్బా" అంటే ఆపేయండి. నాలుగు రోజులాగి మళ్లీ చూడొచ్చు, తొందరేముంది?

ఇంకా మంచి పద్ధతి, ఆ పని పిల్లలకే వదిలేయడం. అద్దం ముందు నిలబెట్టి, "నీ పన్ను, నువ్వే తియ్యి" అంటే చాలామంది ఉత్సాహంగా తీసేసుకుంటారు. తన చెయ్యి ఎక్కడ ఆగాలో తనకు తెలుస్తుంది. జామకాయ, క్యారెట్, సంక్రాంతి రోజుల్లో అయితే చెరుకు ముక్క కొరకనివ్వండి, పని దానంతటదే అయిపోతుంది. నాదో సలహా, రాత్రి పడుకోబోయే ముందు మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. దిండు మీద నాలుగు చుక్కల రక్తం కనబడితే ఇల్లంతా టెన్షన్.

"లవంగ నూనె రాస్తే నొప్పి తెలియదు"

పెద్దవాళ్ల పంటిపోటుకు దూదిలో ఒక చుక్క పెట్టుకోవడం వేరు. పిల్లల లేత చిగురు మీద పచ్చి లవంగ నూనె పడితే మంటపుట్టి, ఆ చోటు తెల్లగా కాలినట్టవుతుంది. మింగితే మరీ ప్రమాదం, సీసా పిల్లలకు అందకుండా పెట్టాలి. మెడికల్ షాపులో దొరికే తిమ్మిరి జెల్స్ కూడా అడగకుండా వాడొద్దు. వాటిలో కొన్నింటిలో ఉండే బెంజోకెయిన్ వల్ల చాలా అరుదుగానైనా రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి తగ్గిపోతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో రెండేళ్లలోపు పిల్లలకు ఆ జెల్స్ వాడొద్దని గట్టిగా చెప్పింది. ఆరేళ్ల పిల్లలకు కూడా, దానంతటదే ఊడే పన్నుకు ఇవన్నీ ఎందుకు? పన్ను ఊడాక చిగురు సలుపుతుందంటే బరువును బట్టి డాక్టరు చెప్పిన పారాసెటమాల్ మోతాదు చాలు. పెద్దల ఆస్పిరిన్ మాత్ర మాత్రం సగం విరిచి కూడా ఇవ్వకండి.

"రక్తం ఆగాలంటే కాఫీ పొడి అద్దాలి"

కాఫీ పొడీ వద్దు, పసుపూ వద్దు. అక్కడ కావాల్సింది శుభ్రంగా గడ్డకట్టిన రక్తం ఒక్కటే. గాజు గుడ్డను చిన్న ఉండలా మడిచి ఆ గుంట మీద పెట్టి పది నిమిషాలు కొరికి పట్టమనండి. మధ్యమధ్యలో తీసి చూడకూడదు, పదేపదే పుక్కిలించకూడదు, రెండింటివల్లా గడ్డ కదిలిపోయి రక్తం మళ్లీ మొదలవుతుంది. ఉమ్మిలో కలిస్తే రెండు చుక్కలు కూడా నోరంతా రక్తం అన్నట్టు కనబడతాయి. గట్టిగా నొక్కిపట్టినా అరగంటకు కూడా ఆగకపోతే అప్పుడు హాస్పిటల్‌కు బయల్దేరండి.

"పై పన్ను తీయిస్తే కంటిచూపు పోతుంది"

పోదు. పళ్ల నరం దారి వేరు, చూపు నరం దారి వేరు. చీము పట్టిన పై పన్నును ఈ భయంతో నెలల తరబడి ఉంచుకుంటే ముఖం వాచి, ఆ వాపు కంటి కింది దాకా పాకుతుంది. కంటికి నిజంగా ముప్పు వచ్చే దారి అదే.

"ఖాళీలో నాలుక పెడితే కొత్త పన్ను వంకరగా వస్తుంది"

రాదు. ఊగే పన్నును నాలుకతో ఆడించడం మంచిదే కూడా. వంకర రావడానికి ఎక్కువసార్లు దవడలో చోటు చాలకపోవడం కారణం. ఏళ్ల తరబడి వేలు చప్పరించడం, మింగిన ప్రతిసారీ నాలుకతో పళ్లను నెట్టే అలవాటు వేరే సంగతి, వాటికి చూపించాలి.

"పాలపన్ను వెనకే ఇంకో పన్ను వచ్చేసింది, రెండు వరుసలయ్యాయి!"

ఫోనులో ఫోటో పంపి మరీ అడిగే ప్రశ్న. కింది ముందు పళ్లు మామూలుగానే పాలపళ్లకు వెనక, నాలుక వైపున తయారవుతాయి. పాలపన్ను వేరు కరగడం కొంచెం వెనకబడితే కొత్తది ముందే తల బయటపెడుతుంది. పాలపన్ను బాగా ఊగుతుంటే కంగారొద్దు, పిల్లాణ్ని రోజూ ఆడించుకోమనండి. అది ఊడాక నాలుక తాకిడికి కొత్తది మెల్లగా ముందుకు జరుగుతుంది. పాలపన్ను అసలు కదలకపోయినా, రెండు నెలలైనా ఊడకపోయినా తీసుకురండి. పై పళ్ల విషయంలో ఇంత ఆగొద్దు. పైన వెనకగా వచ్చిన పన్ను కింది పళ్ల లోపలికి చిక్కుకుంటే ముందుకు రాలేదు.

"ఎలాగూ ఊడిపోయేవే, పుచ్చితే మాత్రమేం"

నాకు కోపం తెప్పించే మాట ఇదొక్కటే. ఇరవై పాలపళ్లలో ముందు ఎనిమిదే త్వరగా ఊడతాయి, ఆరేళ్ల నుంచి ఎనిమిది తొమ్మిదేళ్ల మధ్య. తర్వాత ఏడాదికి పైగా ఏమీ ఊడవు, అదీ మామూలే. కోరపళ్లు, దవడ పళ్లు తొమ్మిది నుంచి పన్నెండేళ్ల దాకా ఉండాల్సినవి. ఐదేళ్లకు పుచ్చిన దవడ పన్ను ఇంకో ఐదారేళ్లు అన్నం నమలాలి.

అది ముందే పోతే పక్క పళ్లు ఖాళీలోకి ఒరిగిపోతాయి. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి సీటు మీద వేసిన చేతిరుమాలు లాంటిది పాలపన్ను. అసలు మనిషి ఎక్కేలోపు ఎవరైనా దాన్ని తీసేస్తే సీటు పోయినట్టే. అందుకే దవడ పన్ను తొందరగా తీయాల్సి వస్తే ఆ ఖాళీని కాపాడే చిన్న తీగ అమరుస్తాం. వేరు దగ్గర చీము చాలాకాలం నిలిస్తే కింద తయారవుతున్న అసలు పన్ను గట్టి పైపొర, అంటే ఎనామెల్ కూడా దెబ్బతిని మచ్చలతో, గుంటలతో బయటికి వస్తుంది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆరేళ్ల వయసులో చివరి పాలపన్నుకు వెనకాల, నాలుగు మూలలా నాలుగు పెద్ద దవడ పళ్లు వస్తాయి. వాటికోసం ఏ పన్నూ ఊడదు. అందుకే చాలామంది అవీ పాలపళ్లే అనుకుని పట్టించుకోరు. బ్రష్ అంత వెనక్కి అందదు, ఏడెనిమిదేళ్లకే పుచ్చిపోతాయి. అవి జీవితాంతం ఉండాల్సిన పళ్లు. రాత్రి పూట బ్రష్ చేతిలోకి మీరే తీసుకుని, బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో ఆ మూలలు తోమండి.

"కొత్త పన్ను పచ్చగా వచ్చింది, సరిగ్గా తీయకపోవడం వల్లే"

తీసిన తీరుకూ రంగుకూ సంబంధం లేదు. అసలు పన్నులో లోపలి పసుపు పొర మందంగా ఉంటుంది, అది పైకి కనబడుతుంది. పాలతెల్లటి పాలపళ్ల పక్కన నిలబడితే ఇంకా పచ్చగా అనిపిస్తుంది. అంచు మీద మూడు చిన్న బొడిపెలుంటాయి, కొరికి కొరికి అరిగిపోతాయి. పై రెండు ముందు పళ్ల మధ్య సందు కూడా కోరపళ్లు దిగేదాకా ఉండొచ్చు. ఏడేళ్ల పిల్లకు క్లిప్పులు పెట్టించమని పోరే బంధువులను ఆగమని చెప్పండి.

నల్లగొండ, ప్రకాశం వంటి జిల్లాల నుంచి వచ్చేవాళ్లు చూపించే గోధుమరంగు చారల సంగతి వేరు, అవి తాగేనీళ్లలో ఎక్కువైన ఫ్లోరైడ్ వల్ల వస్తాయి. నెల్లూరు ప్రాంతపు నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బును వైద్యులు 1937లోనే రాసి పెట్టారు. ముందు పళ్ల ఎనామెల్ పసితనంలోనే చిగురు లోపల తయారవుతుంది కాబట్టి, ఏడేళ్లకు బయటపడే మచ్చ రెండు మూడేళ్ల వయసులో తాగిన నీళ్లది.

"ఊడిన పన్ను మింగేస్తే కడుపులో గుచ్చుకుంటుంది"

అన్నంతో పాటు మింగిన పాలపన్ను రెండు మూడు రోజుల్లో విరేచనంలో పోతుంది. కానీ పన్ను కనబడకుండా పోయి, ఆ వెంటనే దగ్గు తెరలు వస్తున్నా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా అది గాలిగొట్టంలోకి వెళ్లి ఉండొచ్చు. ఎమర్జెన్సీకి వెళ్లాలి.

పన్నును పేడలో పెట్టి ఇంటి కప్పు మీదకు విసరకపోతే కొత్తది రాదనే మాట గురించి కూడా అడుగుతారు. వస్తుంది. విసరాలని ఉంటే విసరండి, పిల్లలకు సరదా. అపార్టుమెంటులో ఐదో అంతస్తు వాళ్లు ఏం చేస్తున్నారో మాత్రం నాకు తెలీదు.

"ఆరేళ్లకు ఊడి తీరాలి"

ఆరు అనేది సగటు లెక్క. పళ్లు ముందుగా వచ్చిన పిల్లలకు ముందుగా ఊడతాయి, ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఆలస్యంగా. నాలుగేళ్లు నిండకుండానే దెబ్బా పుచ్చూ లేకుండా పన్ను ఊడితే చూపించాలి. ఎనిమిదేళ్లకు ఒక్కటీ కదలకపోతే ఎక్స్‌రే తీయాలి, కింద అసలు పన్ను ఉందో లేదో తెలుస్తుంది. ఒకవైపు ఊడి ఆరు నెలలైనా రెండోవైపు జోడీ పన్ను కదలకపోయినా అంతే.

రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్న పిల్లలకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు, క్యాన్సర్ మందులు వాడుతున్నవాళ్లకు ఇంట్లో పన్ను లాగొద్దు, ముందు డాక్టరుకు చెప్పండి. కిందపడి దెబ్బ తగిలి కదిలిన పన్నుకూ పైన చెప్పిన పద్ధతులేవీ పనికిరావు. దెబ్బకు పన్ను పూర్తిగా ఊడొస్తే, చిన్నగా ఉన్న పాలపన్నును తిరిగి గుంటలో పెట్టకూడదు, కింది పన్ను దెబ్బతింటుంది. పెద్దగా ఉంటే అది అసలు పన్ను. వేరును ముట్టుకోకుండా తల వైపు పట్టుకుని, మట్టి ఉంటే ఒక్కసారి నీళ్లు పోసి, చల్లటి పాలలో వేసి గంటలోపు డాక్టరు దగ్గరికి చేర్చండి.