కచేరీ ఊళ్లోనే పెట్టుకోండి

బరంపురం

చి. పిల్లలందరికీ మామ్మ ఆశీస్సులు.

మీరు పంపిన కాగితం చదివాను. పరీక్షలయ్యాక ఏప్రిల్‌లో మన ఒడిశా గంజాం తీరంలో ఋషికుల్య నది మొగ దగ్గర ఇసుకలోనే స్టేజీ కట్టి, రాత్రి పది దాకా పాటలు పాడి, టిక్కెట్ల డబ్బు తాబేళ్ల కోసం ఇస్తామన్నారు. పాటల జాబితా బాగుంది. తెలుగు పాటలు, ఒడియా పాటలు సమానంగా వేశారు, ఎవరూ అలగరు. కానీ చోటూ నెలా రెండూ మార్చాలి.

ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఆ తీరానికి ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంపులుగా వస్తాయి. 2023లో ఆరు లక్షలకు పైగా తల్లులు అక్కడ గుడ్లు పెట్టాయి. తల్లి రాత్రివేళ ఒడ్డెక్కి, వెనక కాళ్లతో మూరెడు లోతు గుంట తీసి, వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి సముద్రంలోకి వెళ్లిపోతుంది. ఇక ఆ గుడ్లను పొదిగేది ఇసుక వేడే. ఏడెనిమిది వారాల్లో పిల్లలు బయటికొస్తాయి. లెక్క వేసుకోండి, మీ స్టేజీ కింద ఏముంటుందో!

ఆ పిల్లలు చాలావరకు రాత్రిపూటే బయటపడతాయి. ఏ వైపు వెలుతురు ఎక్కువుంటే ఆ వైపు పాకుతాయి. దీపాలు లేని తీరంలో ఆ వెలుతురు సముద్రం వైపే ఉంటుంది, నీళ్ల మీద పడే ఆకాశపు వెలుగు. మీరు ఫోకస్ లైట్లు, సీరియల్ బల్బులు వేస్తే ఆ పిల్లలు సముద్రాన్ని వదిలేసి స్టేజీ దగ్గరికి వస్తాయి. శ్రోతలు పెరిగారని మీరు మురిసిపోతారేమో గానీ, వాటికి దారిలో కుక్కలుంటాయి, తెల్లారితే కాకులు, ఆపైన ఎండ. గుడ్లు పెట్టడానికొచ్చే తల్లులు కూడా దీపాలున్న ఒడ్డును చూసి తప్పుకుంటాయి.

మరి ఎక్కడో ఊళ్లో పాడితే తీరానికి ఏం ఒరుగుతుందని మీలో ఒకరు తప్పకుండా అడుగుతారు. 1970 అక్టోబరు 16న కెనడాలోని వాంకూవర్ నగరంలో ఒక కచేరీ జరిగింది. అలాస్కా దగ్గర అమ్చిట్కా అనే దీవి కింద అమెరికా అణుపరీక్షలు చేస్తోంది. దాన్ని అడ్డుకోవాలనుకున్న కొద్దిమంది ఆ కచేరీ పెట్టారు. జోనీ మిచెల్, జేమ్స్ టేలర్, ఫిల్ ఓక్స్ డబ్బు తీసుకోకుండా పాడారు. దీవి అక్కడికి వేల కిలోమీటర్ల దూరం. వచ్చిన డబ్బుతో వాళ్లు చేసిన పని ఏమిటంటే, ఒక ముసలి చేపల పడవను అద్దెకు తీసుకుని 1971 సెప్టెంబరులో దీవి వైపు బయల్దేరడం. పడవ దీవిని చేరలేదు. నవంబరులో బాంబూ పేలింది. అయినా పత్రికల నిండా అదే వార్త, జనంలో అదే మాట. మరుసటి ఏడాది అమెరికా అక్కడ పరీక్షలు మానుకుంది. ఆ కొద్దిమంది బృందమే తర్వాత గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ అయింది. వాళ్ల కచేరీలో నాకు నచ్చింది పాటలకన్నా ఆ పడవ అద్దె. డబ్బు ఎందుకో ముందే తెలుసు.

మీ కాగితంలో లేనిది అదే. 'తాబేళ్ల కోసం' అంటే చాలదు. ఏం కొంటారు? రోడ్డు వైపు తాబేలు పిల్లలు పోకుండా కట్టే వలలు, దారి తప్పినవాటిని ఏరి నీళ్ల దగ్గరికి మోసే బకెట్లు, రాత్రుళ్లు కాపలా కాసే ఊరి కుర్రాళ్లకు టీ, టార్చిలు (వాటికి ఎర్ర కాగితం చుట్టాలి). ఇవన్నీ గుడ్లు పెట్టే రోజులకు ముందే చేతిలో ఉండాలి. ఏప్రిల్ చివర డబ్బిస్తే వాటిని వచ్చే ఏడాది దాకా అటక మీద పెట్టాలి. అందుకే కచేరీ జనవరిలో, సంక్రాంతి ముందు ఆదివారం పెట్టండి.

ఎవరి చేతికి ఇస్తారో కూడా ఇప్పుడే తేల్చుకోండి. 1971లో మన సితార్ విద్వాంసుడు రవిశంకర్, బీటిల్స్ బృందంలో పాడిన జార్జ్ హారిసన్ న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం కచేరీ చేశారు. టిక్కెట్ల డబ్బు ఐక్యరాజ్యసమితి పిల్లల సంస్థ యూనిసెఫ్‌కు వెళ్లింది. కానీ పన్నుల ఏర్పాటు ముందుగా చూసుకోకపోవడంతో రికార్డులు, సినిమా మీద వచ్చిన డబ్బులో చాలా భాగం ఏళ్ల తరబడి చిక్కుకుపోయింది. అంత పెద్దవాళ్లకే అలా అయింది. మీది చిన్న పని, అయినా రసీదు పుస్తకం కావాలి. పాడేవాళ్లు ఊరికే పాడతారు గానీ, మైకుసెట్టు వాళ్లు ఊరికే పెట్టరు కదా.

ఇంకొకటి. మీ నాటికలో జాలరిని విలన్‌ను చేశారు, అది తీసేయండి. నవంబరు నుంచి మే దాకా ఆ మొగ చుట్టూ సముద్రంలో వేట నిషేధం. ఏడు నెలలు వాళ్ల పొయ్యి మీదే ఆ భారం. గంజాం తీరంలో వేటకెళ్లేవాళ్లలో మన తెలుగువాళ్లే బోలెడుమంది. తాబేలు ఊపిరి కోసం పైకి రావాల్సిన జీవి, ట్రాలర్ (వల ఈడ్చుకుపోయే మరపడవ) వలలో చిక్కితే ఊపిరాడక చస్తుంది. పెద్ద ట్రాలర్ల సంగతి వేరు, చిన్న పడవల సంగతి వేరు. రెంటినీ కలిపి తిట్టకండి. ఆ ఊళ్ల నుంచి ఇద్దరు ముగ్గురిని పిలిచి, వల లాగేటప్పుడు పాడే పాటలు పాడించండి. వాళ్లకు బస్సు ఛార్జీలు ఖర్చుల్లో రాయండి.

హాలు గురించి నేను మాట్లాడతాను. ఫ్లెక్సీ వద్దు, గుడ్డ మీద రాయించండి. బస్సులు దొరకాలి కాబట్టి ఎనిమిదిన్నరకల్లా ముగించాలి. ఆదివారం సాయంత్రం ఖర్చుల కాగితం పట్టుకుని రండి, పకోడీలు వేస్తాను.

మీ మామ్మ