సుస్థిరాభివృద్ధి విద్య, అనంతపురం విశ్వవిద్యాలయాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: డిగ్రీలో పర్యావరణం పేపరు ఉంది, ఇంకేం కావాలి?

వాస్తవం: పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం వల్ల వచ్చిన పేపరది. దాని కోసం యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) మొదట తయారుచేసిన ఆరు నెలల పాఠ్యప్రణాళికలో 100 మార్కులకు 25 క్షేత్రపనికే ఉండేవి. అసలు చదువంతా ఆ క్షేత్రపనిలోనే ఉంది. కత్తిరించిన బొమ్మలు అతికించిన రికార్డుకు ఆ మార్కులు వేసేస్తే పిల్లలు చెరువు గట్టెక్కకుండానే పాసైపోతారు.

అపోహ: కరువు సీమలో వాననీళ్లు పట్టి లాభమేముంది?

వాస్తవం: లెక్క వేసి చూడాలి. అనంతపురంలో ఏడాదికి సగటున సుమారు 550 మి.మీ. వాన పడుతుంది. చదరపు మీటరు మీద ఒక మి.మీ. వాన పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు మీటర్ల హాస్టల్ మిద్దె మీద 5,50,000 లీటర్లు పడుతుంది. ఆవిరి, కారుడు పోను 80 శాతం చిక్కినా 4,40,000. రెండొందల మంది తలా వంద లీటర్లు వాడితే అది 22 రోజుల నీరు. ఒక్క మిద్దెకే ఇంత!

ఇంకుడు గుంతలు పనిచేయకపోవడానికి కారణం వాన తక్కువ కావడం కాదు, ఒండ్రు. అడుగున పెద్దరాళ్లు, మధ్యన కంకర, పైన ఇసుక ఉండాలి. అప్పుడు బురద ఇసుక మీదే ఆగుతుంది. ఏటా మే నెలాఖరులో పై రెండు మూడంగుళాలు గీకి కొత్త ఇసుక పోస్తే సరి. ఇసుక వేయకుండా రాళ్లతో నింపేస్తే బురద సందుల్లో బిగుసుకుంటుంది, ఇక గుంతంతా తవ్వి తీయాల్సిందే. మొదటి వానలో దుమ్ము, పిట్టల రెట్టలు కొట్టుకొస్తాయి కనుక తొలి రెండు మి.మీ., అంటే ఈ మిద్దెకు 2,000 లీటర్లు, బయటికి వదిలేయాలి. సెప్టిక్ ట్యాంకు పక్కన గుంత తవ్వడం మాత్రం ఎప్పుడూ తప్పే.

అపోహ: ఇదంతా సైన్సు, ఇంజనీరింగు వాళ్ల పని.

వాస్తవం: పై గుంతనే తీసుకోండి. మిద్దె కొలిచేది సివిల్ విద్యార్థులు. ఈ జిల్లా బోర్లలో ఫ్లోరైడు పాత బెడద, వానకు ముందూ తర్వాతా దాన్ని పరీక్షించేది కెమిస్ట్రీ. ట్యాంకర్ల ఖర్చు ఎంత తగ్గిందో తేల్చేది కామర్స్. తెలుగు శాఖ పల్లెల్లో శెనక్కాయ రైతుల నోట కార్తెల సామెతలు సేకరిస్తే, స్టాటిస్టిక్స్ శాఖ వాటిని వానపాతం రికార్డులతో పోల్చి ఏవి నిలుస్తాయో చూడొచ్చు. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, జేఎన్‌టీయూ, కేంద్రీయ విశ్వవిద్యాలయం మూడూ అనంతపురంలోనే ఉన్నాయి. ఒకే చెరువు ఆయకట్టును మూడూ పంచుకుని చదవడానికి అడ్డేమీ లేదు.

అపోహ: వనమహోత్సవంలో వెయ్యి మొక్కలు నాటాం, పచ్చదనం వచ్చేసింది.

వాస్తవం: నాటినవి కాదు, రెండో ఎండాకాలం దాటినవి లెక్క. రెండడుగుల గుంత, పశువుల ఎరువు, ముళ్లకంప, మొదటి రెండు వేసవుల్లో వారానికి రెండుసార్లు పది లీటర్ల నీళ్లు. వందకు ఇంత చేయగలిగితే వందే నాటండి. వేప, కానుగ, చింత ఈ నేలకు అలవాటైనవి. అలంకారపు మొక్కలకు బోరు నీళ్లు పోస్తూ పోవడం సుస్థిరత కాదు.

అపోహ: నిధులు రావాలి.

వాస్తవం: మొదలుపెట్టడానికి ఒక రిజిస్టరు, ఒక కొలత బకెట్టు చాలు. 75 వాట్ల పాత ఫ్యాను స్థానంలో తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను రోజుకు పది గంటలు, 200 రోజులు తిరిగితే 90 యూనిట్లు మిగులుతాయని విద్యార్థే లెక్కగట్టి చూపగలడు. చిక్కొచ్చేది కొనసాగింపులో. బ్యాచ్ వెళ్లిపోగానే కొలతలు ఆగిపోతాయి. అందుకే రిజిస్టరు విద్యార్థి చేతిలో కాక శాఖ బీరువాలో ఉండాలి. బోరు నీటిమట్టం, మీటరు రీడింగు, బతికిన మొక్కల సంఖ్య ప్రతి నెలా ఒకే తేదీన రాయాలి. కొత్త బ్యాచ్ క్షేత్రపని పాత బ్యాచ్ ఆపిన పేజీ నుంచే మొదలవ్వాలి.