చలిలో హైబ్రిడ్ కారు: బ్యాటరీ నిండుగా ఉన్నా ఇంజను ఎందుకు లేస్తుంది?

కొత్తగా హైబ్రిడ్ కారు, అంటే పెట్రోలు ఇంజనూ బ్యాటరీతో తిరిగే మోటారూ రెండూ ఉన్న బండి, కొన్న ఇంట్లో మొదటి ధనుర్మాసంలో ఒక అనుమానం తప్పకుండా వస్తుంది. తెల్లవారుజామున శ్రీకాకుళం నుంచి అరసవల్లి దర్శనానికి బయలుదేరతారు. బటన్ నొక్కగానే ‘రెడీ’ లైటు వెలుగుతుంది, బండి చప్పుడు లేకుండా గేటు దాటుతుంది. వీధి చివరికి చేరేలోపే ఇంజను దానంతటదే మోగడం మొదలుపెడుతుంది. తెర మీద చూస్తే బ్యాటరీ ముప్పాతిక నిండి ఉంటుంది. బ్యాటరీతోనే నడిపే ఈవీ బటన్ నొక్కితే ఇప్పుడు కుదరదని సందేశం వస్తుంది. తిరిగి ఇంటికొచ్చేసరికి మైలేజీ, కొనేటప్పుడు విన్న అంకెకు సగం దగ్గర ఉంటుంది. షోరూములో అడిగితే ‘అది నార్మలే సార్’ అంటారు. మాట నిజమే. ఎందుకు నార్మలో మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు.

ఆ సమయంలో ఇంజను ముఖ్యంగా తనను తాను వేడి చేసుకుంటోంది. మొదటి నిమిషం వేడి సైలెన్సరు గొట్టంలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టరు కోసం. విషవాయువులను శుభ్రం చేసే ఆ పరికరం 250, 300 డిగ్రీలకు చేరితే గానీ పనిలోకి దిగదు. అందుకని కంప్యూటరు నిప్పురవ్వను కావాలని ఆలస్యంగా వేయించి, వేడి పొగను దాని మీదికి పంపుతుంది. ఇంజను కాస్త గరగరలాడినట్టు వినిపించేది ఇందుకే. టయోటా పద్ధతి హైబ్రిడ్లలో ఆ నిమిషం పాటు బండిని లాగేది చాలావరకు బ్యాటరీయే. కన్వర్టరు వేడెక్కాక కూలెంటు (ఇంజను చుట్టూ తిరిగే ద్రవం), ఆయిలు వంతు వస్తుంది. కూలెంటు ఒక స్థాయికి వేడెక్కేదాకా ఇంజనును ఆపడానికి కంప్యూటరు ఒప్పుకోదు.

చిన్న ప్రయాణానికి ఇది ఎంత భారమో లెక్క వేసి చూడండి. లీటరు పెట్రోలులో ఉండే శక్తి సుమారు 9 యూనిట్లు, అంటే కరెంటు బిల్లులో చూసే యూనిట్లే. వంద కిలోల లోహం, ఐదారు లీటర్ల కూలెంటు, మూడున్నర లీటర్ల ఆయిలు కలిపి 15 డిగ్రీల నుంచి 85 డిగ్రీలకు తేవాలంటే దాదాపు 2 యూనిట్ల వేడి కావాలి. అరసవల్లి రెండు మూడు కిలోమీటర్ల దూరం. వేడెక్కిన బండి లీటరుకు 25 ఇస్తుందనుకుంటే ఆ దారికి పట్టేది 100 మిల్లీలీటర్లు, అంటే 0.9 యూనిట్లు. ప్రయాణానికి పట్టే శక్తికి రెండింతలు ఇంజనును పూర్తిగా వేడి చేయడానికే కావాలన్నమాట. బండి పూర్తిగా వేడెక్కకముందే గుడి వచ్చేస్తుంది. గుడి దగ్గర గంటసేపు ఆగితే తెచ్చుకున్న వేడిలో కొంత పోతుంది, తిరుగు ప్రయాణంలో కొంత మళ్లీ మొదలు. అదే బండి జాతీయ రహదారి ఎక్కి విశాఖ దాకా వెళ్తే ఈ 2 యూనిట్ల ఖర్చు వంద కిలోమీటర్ల మీద సర్దుకుపోతుంది, మీకు కనిపించదు.

మన జిల్లాల్లో డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. అదే చలి అనుకునే మనకు, పిల్లలు ఉండే షికాగోలోనో టొరంటోలోనో మైనస్ 15 అంటే ఊహకు అందదు. అక్కడ హైబ్రిడ్ ఎదుర్కొనే చిక్కు ఇదే, పరిమాణమే వేరు. అమెరికా ప్రభుత్వం ఇచ్చే లెక్కల ప్రకారం 25 డిగ్రీలతో పోలిస్తే మైనస్ 7 డిగ్రీల్లో మామూలు పెట్రోలు కారు మైలేజీ పట్టణంలో సుమారు 15 శాతం తగ్గితే, హైబ్రిడ్‌ది 30 నుంచి 34 శాతం తగ్గుతుంది. హైబ్రిడ్‌కే ఎక్కువ దెబ్బ ఎందుకు? దాని పొదుపంతా ఇంజనును ఆపడంలో ఉంది. మామూలు ఇంజను వృథా చేసే వేడితోనే కారు లోపల హీటరు పనిచేస్తుంది. హైబ్రిడ్ ఇంజను తక్కువ వేడి వృథా చేస్తుంది, పైగా తరచూ ఆగుతుంది. లోపలున్నవాళ్లకు వెచ్చదనం కావాలంటే దాన్ని మళ్లీ లేపాల్సిందే. 2004లో వచ్చిన రెండో తరం టయోటా ప్రియస్ హైబ్రిడ్‌కు అమెరికాలో ఒక ఫ్లాస్కు పెట్టారు. మనం కాఫీ పోసుకునే ఫ్లాస్కు లాంటిదే. బండి ఆపగానే మూడు లీటర్ల వేడి కూలెంటును అందులో దాచి, మర్నాడు స్టార్టు చేసేముందు ఇంజనులోకి పంపేది. తర్వాతి తరంలో దాన్ని తీసేసి, పొగగొట్టంలో పోయే వేడిని కూలెంటుకు పట్టే ఏర్పాటు చేశారు. వేడిని ఎలా దాచాలన్నదే ఇంజనీర్లకు అసలు సమస్య అని దీన్నిబట్టి తెలుస్తుంది. చలిదేశంలో ఉన్నవాళ్లు హీటరు వేడి తగ్గించి సీటు హీటరు వాడుకుంటే మంచిది. సీటుకు పట్టేది వంద వాట్ల లోపు, క్యాబిన్ అంతా వేడెక్కడానికి వేల వాట్లు కావాలి. అద్దానికి పట్టిన ఆవిరి తుడిచే డీఫ్రాస్టు బటన్ కూడా చాలా బండ్లలో ఇంజనును లేపుతుంది. పని అయ్యాక దాన్ని ఆపేయండి.

ఇక బండిని లాగే పెద్ద బ్యాటరీ. చలికి అందులోని రసాయన చర్యలు మందగిస్తాయి. టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్లలో (బ్యాటరీతోనే కొంతదూరం నడవగలవి) ఉన్నది లిథియం అయాన్ బ్యాటరీ, ఇన్నోవా హైక్రాస్‌లో ఉన్నది నికెల్ మెటల్ హైడ్రైడ్. లిథియం బ్యాటరీకి గడ్డకట్టే చలిలో ఛార్జి ఎక్కించడం ప్రమాదం. గ్రాఫైటు పొరల మధ్యకు దూరాల్సిన లిథియం, చలికి త్వరగా దూరలేక పైనే లోహపు పూతలా పేరుకుంటుంది. ఆ నష్టం తిరిగి రాదు. అందుకే కంప్యూటరు ఛార్జింగును బాగా తగ్గించేస్తుంది, బ్రేకు తొక్కినప్పుడు పోగవాల్సిన కరెంటు పోగవదు. విజయనగరంలో ఈ భయం అక్కర్లేదు. నిజానికి బ్యాటరీకి 20, 30 డిగ్రీల మధ్య కాలమే సుఖం, అంటే మన చలికాలం దానికి పండగ రోజులు. దాని ఆయుష్షు తినేది మే నెల ఎండ. టయోటా ఈ బ్యాటరీకి మన దేశంలో 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తోంది. ఆ వ్యవధి నిండా బ్యాటరీ బాగుండాలంటే దానికి గాలి ఆడాలి. చాలా మోడళ్లలో వెనక సీటు పక్కనో కిందో జాలీ లాంటి గాలిదారి ఉంటుంది. పండక్కి ఊరెళ్తూ దుప్పట్లు, బియ్యం సంచి దానికి అడ్డంగా పెట్టేస్తుంటారు. లోపలి ఫిల్టరు దుమ్ము, ధాన్యం పొట్టుతో మూసుకుపోతే ఫ్యాను పెద్దగా మోగుతుంది, ఆ తర్వాత బ్యాటరీ వేడెక్కుతోందని హెచ్చరిక వస్తుంది. ప్రతి సర్వీసులో ఆ ఫిల్టరు శుభ్రం చేశారా అని అడిగి తీరాలి.

చలిని వెతుక్కుంటూ మనవాళ్లు వెళ్లేది అరకు. విజయనగరం నుంచి ఎస్.కోట మీదుగా ఘాటు ఎక్కితే హైబ్రిడ్ స్వభావమంతా ఒకే రోజులో అర్థమవుతుంది. అదే కొండల్లో కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం మీది శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. ఎస్.కోట మైదానంతో పోలిస్తే 900 మీటర్ల పైమాటే. ఎక్కేటప్పుడు మైలేజీ పడిపోవడం ఎవరికైనా తెలిసేదే, దిగేటప్పటి లెక్క ఆసక్తికరం. మనుషులు, సామాన్లతో 1,600 కిలోలున్న బండి 900 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి 3.9 యూనిట్లు. చక్రాల రాపిడికీ గాలికీ సగం పోయినా ఇంకో రెండు యూనిట్లు మిగులుతాయి. హైరైడర్ తరగతి బండ్లలో బ్యాటరీ మొత్తం సామర్థ్యం 0.76 యూనిట్లే. ఆయుష్షు కోసం అందులో సగం లోపే వాడుకుంటారు. కొండ ఇచ్చే శక్తిలో అయిదో వంతుకు కూడా అక్కడ చోటు లేదు.

కొండ దిగడం సగం కాకముందే బ్యాటరీ నిండిపోతుంది. అప్పుడు బ్రేకు తొక్కితే కరెంటుగా మారే దారి లేదు, భారమంతా మామూలు బ్రేకు ప్యాడ్ల మీద పడుతుంది. అదే సమయంలో ఇంజను ఒక్కసారిగా గట్టిగా హోరెత్తుతుంది. యాక్సిలరేటరు మీద కాలు లేదు, ఇంజను మాత్రం వేగంగా తిరుగుతోంది! కంగారు పడి బండి పక్కకు ఆపేసేవాళ్లున్నారు. అక్కడ పెట్రోలు చుక్క కూడా మండటం లేదు. మిగులు కరెంటుతో మోటారు ఇంజనును గాలి పంపులా తిప్పి, కొండ ఇచ్చిన శక్తిని వదిలించుకుంటోంది. గేరు దగ్గర ‘బి’ (ఇంజనుతోనే బండి వేగాన్ని అదుపు చేసే స్థానం) ఉన్న బండ్లలో ఏటవాలు మొదలవగానే బి వేయండి, మైదానానికి రాగానే మళ్లీ ‘డి’లోకి మార్చండి. హోండా సిటీ హైబ్రిడ్‌లో స్టీరింగు వెనక మీటలతో ఇదే పని చేయవచ్చు. బి వేయకుండా బ్రేకు మీదే కాలు ఆనించి దిగితే ప్యాడ్లు కాలిన వాసన వస్తుంది. బ్రేకు ఆయిలులో నీరు చేరి ఉంటే అది మరిగి పెడలు మెత్తబడుతుంది. బ్రేకు ఆయిలు గాలిలో తేమను పీల్చుకుంటుంది, సముద్రం పక్క ఊళ్లలో తేమకు కొదవ లేదు. రెండేళ్లకోసారి మార్పించడం మంచిది. ‘హైబ్రిడ్‌కి బ్రేకులు అరగవు’ అన్న మాట నమ్మి వాటిని చూడకుండా వదిలేయడం ఈ తీరప్రాంతంలో పొరపాటు. తక్కువ వాడకంవల్ల డిస్కులకు తుప్పు పడుతుంది, క్యాలిపరు పిన్నులు బిగుసుకుపోతాయి. ఏడాదికోసారి విప్పించి గ్రీజు పెట్టించాలి.

టైర్ల గురించి రెండు మాటలు. మధ్యాహ్నం 35 డిగ్రీల్లో గాలి పట్టిస్తే, తెల్లవారి 13 డిగ్రీలకు సుమారు మూడు పీఎస్‌ఐ తగ్గి కనిపిస్తుంది. పంక్చరు కాదు. తలుపు దగ్గరి స్టిక్కరు మీదున్న అంకె చల్లటి టైరుకు సంబంధించినది, ఉదయం బండి కదలకముందే చూసుకోవాలి.

ఆయిలు విషయంలో కంపెనీ పుస్తకంలో 0డబ్ల్యూ-16 అనో 0డబ్ల్యూ-20 అనో ఉంటే అదే పోయించండి. మనది వేడి ప్రాంతం కాబట్టి చిక్కటిది పోయాలని కొందరు మెకానిక్కులు సలహా ఇస్తారు. హైబ్రిడ్ ఇంజను రోజుకు వందసార్లు ఆగి లేస్తుంది, లేచిన ప్రతిసారీ ఆయిలు వెంటనే పైకి చేరాలి. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో పారే గుణానిది, వెనక అంకె వేడిలో చిక్కదనానిది. ఎప్పుడూ చిన్న దూరాలే తిరిగే బండికి చలికాలంలో ఆయిలు మూత కింద తెల్లటి నురగ కనిపించవచ్చు. ఇంజను పూర్తిగా వేడెక్కక నీటి ఆవిరి లోపలే నిలిచిందని దాని అర్థం. వారానికొకసారి విజయనగరం–శ్రీకాకుళం అంత దూరం ఆపకుండా నడిపితే అది ఆవిరైపోతుంది. అలా నడిపినా నురగ పోకపోయినా, కూలెంటు మట్టం తగ్గుతున్నా చూపించాలి. బండిని షెడ్డులోంచి వాకిట్లోకి తెచ్చి పది సెకన్లలో ఆపేయడం రోజూ చేస్తే మండని పెట్రోలు ఆయిలులో కలుస్తుంది. అలా కదిపినప్పుడు ఆ మొదటి నిమిషం పూర్తి కానివ్వండి. కూలెంటు డబ్బాలు చాలా మోడళ్లలో రెండుంటాయి, ఒకటి ఇంజనుది, రెండోది బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే ఇన్వర్టరుది. బోరునీళ్లు రెండింటిలోనూ పోయకూడదు.

ఇన్ని చెప్పినా, హైబ్రిడ్ కారు నిజంగా రోడ్డు మీద నిలిచిపోయిందంటే మొదట అనుమానించాల్సింది పెద్ద బ్యాటరీని కాదు, మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీని. చాలా హైబ్రిడ్లలో విడిగా స్టార్టరు మోటారు ఉండదు. పెద్ద బ్యాటరీయే ఇంజనును తిప్పుతుంది. ఆ పెద్ద బ్యాటరీని బండికి కలిపే రిలేలను, కంప్యూటర్లను మేల్కొలిపేది మాత్రం చిన్న బ్యాటరీ. అది నీరసిస్తే వందల వోల్టులు పక్కనే ఉన్నా ‘రెడీ’ వెలగదు. బండి ఊరికే నిలిపి ఉంచినా అలారం, తాళం రిసీవరు 30 మిల్లీ ఆంపియర్ల దాకా లాగవచ్చు. ఆ లెక్కన నెలకు 21 ఆంపియర్ అవర్లు పోతాయి. ఉన్నదే 40 చిల్లర. పైగా చలికి ఈ లెడ్ యాసిడ్ బ్యాటరీ సత్తువ తగ్గుతుంది, మైనస్ 18 డిగ్రీల్లో సగమే మిగులుతుంది. మీటరుతో చూస్తే 12.6 వోల్టులు నిండుకు గుర్తు, 12.2 అంటే సగం, 12 కన్నా దిగితే ఛార్జి చేయించాలి.

దీన్ని తెలియకుండా ఖాళీ చేసే అలవాటు ఒకటుంది. బ్రేకు తొక్కకుండా బటన్ నొక్కి పాటలు వింటూ కూర్చోవడం. ‘రెడీ’ వెలగకపోతే చిన్న బ్యాటరీకి ఛార్జి అందదు. రైల్వే గేటు దగ్గర గేరు ‘ఎన్’ (న్యూట్రల్)లో పెట్టి ఏసీ నడపడం పెద్ద బ్యాటరీకి అలాంటిదే, చాలా బండ్లలో ఎన్‌లో ఉండగా అది ఛార్జి కాదు. గేటు తెరిచేదాకా ‘పి’ (పార్కింగ్)లో ఉంచండి. పక్కింటి వాళ్ల వ్యాను స్టార్టవడం లేదంటే మీ హైబ్రిడ్ నుంచి తీగలు కలపకండి. అవతలి స్టార్టరు లాగే వందల ఆంపియర్లు ఇవ్వడానికి ఇందులో పెద్ద బ్యాటరీ కరెంటును 12 వోల్టులకు దించే డీసీ కన్వర్టరు సరిపోదు. మీ బండికి ఇంకొకరు ఇవ్వవచ్చు. ఎరుపు ముందు, నలుపు చివర్న బోడి లోహానికి. తారుమారైతే ఆ డీసీ కన్వర్టరు కాలుతుంది.

అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్లే పెద్దవాళ్లు మన జిల్లాల్లో చాలామంది. బండి షెడ్డులో ఉండిపోతుంది. తాళం ఎవరికైనా అప్పగించి, రెండు వారాలకోసారి ‘రెడీ’లో గంటసేపు ఉంచమనండి, షెడ్డు తలుపులు తెరిచి. అంత తరచుగా కుదరకపోతే చిన్న బ్యాటరీ నెగటివ్ తీగ విప్పించి, నెలకోసారైనా బిగించి నడిపించాలి. పెద్ద బ్యాటరీ కూడా తనంతట తాను కొద్దికొద్దిగా ఖాళీ అవుతుంది. అది పూర్తిగా పడిపోతే ఇంజనును తిప్పే దిక్కు లేదు, ఊళ్లో మెకానిక్కు చేయగలిగింది లేదు. స్మార్ట్ తాళం బండికి దూరంగా ఇంటి లోపల పెట్టాలి, దగ్గరుంటే రెండూ మాట్లాడుకుంటూ చిన్న బ్యాటరీని తింటాయి. తిరిగొచ్చాక తలుపే తెరుచుకోకపోతే ఆ తాళం పక్కనున్న మీట నొక్కి లాగండి. లోపల ఇనుప తాళంచెవి ఉంటుంది, దాంతో డ్రైవరు తలుపు తీయవచ్చు.