వించెస్టర్ మేడలోకి దెయ్యాలు ఎలా వచ్చాయి?

ఇల్లు కట్టి చూడు అన్నారు మనవాళ్లు. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఒకావిడ 1886లో మొదలుపెట్టి 1922లో చనిపోయేదాకా ఒకే ఇంటిని కట్టిస్తూ పోయింది. ఎనిమిది గదుల ఇల్లు కాస్తా దాదాపు 160 గదుల మేడ అయింది. ఆవిడ సారా వించెస్టర్, వించెస్టర్ తుపాకుల కంపెనీ ఇంటి కోడలు.

అందరూ చెప్పుకునే కథ ఇది. ఆ తుపాకులకు బలైన వాళ్ల ఆత్మలు ఆమె వెంటపడ్డాయట. ఇల్లు కడుతూ ఉన్నన్నాళ్లూ నీకు చావు లేదని బోస్టన్‌లో సోదె చెప్పే మనిషి ఒకరు చెప్పారట. అందుకే రాత్రీ పగలూ సుత్తి మోత ఆగలేదట. దెయ్యాలు దారి తప్పాలనే పైకప్పుకు తగిలి ఆగిపోయే మెట్లు, తెరిచి అడుగేస్తే మనిషి నేరుగా కిందపడే తలుపు పెట్టించిందట.

ఆమె కష్టాలు మాత్రం కల్పన కాదు. 1866లో పుట్టిన పాప నెలన్నర కూడా బతకలేదు. భర్త విలియం 1881లో క్షయతో పోయాడు. కానీ ఆమె జీవితచరిత్ర రాసిన మేరీ జో ఇగ్నోఫోకు బోస్టన్ సోదెకు ఎక్కడా ఆధారం దొరకలేదు. పని ఆగలేదన్నదీ నిజం కాదు, మధ్యమధ్యలో పనివాళ్లను పంపించేసిన రోజులున్నాయి.

మెట్ల సంగతి ఇంకా మామూలుది. ఒకచోట 44 మెట్లు ఏడు మలుపులు తిరిగి పైకి వెళ్తాయి, అన్నీ ఎక్కినా తొమ్మిది పది అడుగుల ఎత్తే. ఒక్కో మెట్టు ఎత్తు రెండంగుళాల పైచిలుకే. సారాకు కీళ్లవాతం, కాలెత్తడమే గగనం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఆ మెట్లు ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక 1906 ఏప్రిల్ భూకంపానికి ఏడంతస్తుల గోపురం కూలింది. ఆమె దాన్ని మళ్లీ కట్టించలేదు, పాడైన భాగాలు తీయించి ఊరుకుంది. ఎటూ వెళ్లని మెట్లూ తలుపులూ చాలావరకు అలా మిగిలినవేనని ఇగ్నోఫో అంటుంది. నాకూ అదే సబబుగా తోస్తుంది.

మరి దెయ్యాలు? బోలెడు డబ్బున్న వితంతువు, ఇరుగుపొరుగుతో కలవదు, ఎప్పుడూ ఏదో కట్టిస్తుంటుంది. ఊరికి ఇంతకంటే ఏం కావాలి? ఇల్లు కట్టడం ఆపితే చనిపోతానని ఆమె భయమని 1895 నాటికే స్థానిక పత్రికలు రాసేశాయి. ఆమె ఖండించలేదు, అసలు నోరే విప్పలేదు.

ఆమె వీలునామాలో ఈ ఇంటి ఊసే లేదు. సామానంతా మేనకోడలికి పోయింది. ఇంటిని అద్దెకు తీసుకున్న బ్రౌన్ దంపతులు 1923లో టిక్కెట్టు పెట్టి జనాన్ని లోపలికి రానిచ్చారు. ఖాళీ గదులు చూపించి డబ్బులు తీసుకోవాలంటే చెప్పడానికి ఓ కథ కావాలి. అది పాత పేపర్లలో రెడీగా ఉంది.