ఫోన్ కవర్‌లో చూడాల్సింది మూలలే

కొత్త ఫోన్ చేతికి రాగానే మొదటి టెన్షన్, కింద పడితే ఎలా అని. రెండోది, కవర్ వేస్తే ఆ సన్నటి ఫోన్ ఇటుకలా తయారవుతుందేమో అని. రెండో భయం అక్కర్లేదు. పల్చటి కవర్, అదీ తక్కువ ధరలో దొరికేది, బాగానే కాపాడగలదు. మందం ఎక్కడ పెట్టారో చూసుకుంటే చాలు.

చిన్న లెక్క వేద్దాం. 200 గ్రాముల ఫోన్ మీటరు ఎత్తు నుంచి జారితే అర సెకనులోపే నేలను తాకుతుంది. అప్పటికి దాని వేగం గంటకు 16 కిలోమీటర్లు, అందులోని శక్తి సుమారు 2 జౌళ్లు. ఇది పెద్ద శక్తేమీ కాదు. కానీ అది ఎంత దూరంలో ఖర్చవుతుందన్నదే అసలు సంగతి. గట్టి టైల్స్ మీద పడి అర మిల్లీమీటరులో ఆగిపోతే ఫోన్ మీద సగటున 400 కిలోల బరువు మోపినంత బలం పడుతుంది. ఒక మిల్లీమీటరులో ఆగితే 200 కిలోలు, రెండు మిల్లీమీటర్లలో ఆగితే 100. గరిష్ఠ బలం ఈ సగటు కంటే ఎక్కువే ఉంటుంది. ఆగే దూరాన్ని ఆ కాస్త పెంచడమే కవర్ చేసే పని.

చేతిలోంచి జారిన ఫోన్ తిరుగుతూ పడుతుంది కాబట్టి తరచుగా ఏదో ఒక మూలే ముందు తగులుతుంది. దెబ్బంతా ఆ కాస్త చోటులోనే పడి గాజు అంచుకు చేరుతుంది. అందుకే వెనక భాగం ఎంత పల్చగా ఉన్నా ఫర్వాలేదు కానీ మూలలు మాత్రం కాస్త ఉబ్బెత్తుగా ఉండాలి. కొన్ని కవర్లలో మూలల లోపలి వైపు చిన్న ఖాళీ అరలు కనిపిస్తాయి. అవి అలంకారం కోసం పెట్టినవి కావు. రబ్బరు లాంటి పదార్థాన్ని నొక్కితే దాని ఘనపరిమాణం దాదాపు తగ్గదు, పక్కకు జరగడానికి చోటు కావాలి. ఆ చోటు దొరికితేనే అది బాగా నొక్కుకుంటుంది. మెత్తటి కవర్లలో చాలావరకు కరిగించిన ప్లాస్టిక్‌ను అచ్చులో పోసి తీసినవే కాబట్టి, ఇలాంటి అరలు పెట్టినంత మాత్రాన ధర పెద్దగా పెరగనక్కర్లేదు.

గాజు సంగతి వేరు. దాని మీద కంటికి కనిపించని పగుళ్లు ఎప్పుడూ ఉంటాయని, అది విరిగేది వాటి వల్లేనని 1921లో గ్రిఫిత్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు చూపించాడు. ఫోన్ గాజును కరిగిన వేడి పొటాషియం లవణంలో ముంచుతారు. గాజులోని సోడియం అయాన్లు (విద్యుదావేశం ఉన్న పరమాణువులు) బయటికి వచ్చి, వాటి స్థానంలో అంతకంటే పెద్దవైన పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి. దాంతో పైపొర బిగుసుకుని ఆ పగుళ్లను మూసి ఉంచుతుంది. పదునైన ఇసుక రేణువు ఆ పొరను దాటి దిగితే మాత్రం ఈ బలం పనికిరాదు. అందుకే స్క్రీన్ చుట్టూ కవర్ అంచు కొద్దిగా పైకి లేచి ఉండాలి. టెంపర్డ్ గ్లాస్ అంటించాక ఫోన్‌ను బోర్లా పెట్టి, కంటిని టేబుల్ ఎత్తుకు దించి చూడండి. గ్లాస్‌కూ టేబుల్‌కూ మధ్యలో సన్నగా వెలుతురు కనిపించాలి. కనిపించకపోతే గ్లాసే అంచు ఎత్తునంతా తినేసిందని అర్థం. కెమెరా దగ్గరా ఇలాగే చూడాలి.

మెటీరియల్ విషయానికొస్తే నా ఓటు టీపీయూకే, అంటే వంగే మెత్తటి ప్లాస్టిక్‌కు. పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ షెల్ గీతల్ని ఆపుతుంది, దెబ్బను పెద్దగా తగ్గించదు. సిలికాన్ చేతిలో జారదు కానీ జేబులోని నూగంతా పట్టేస్తుంది. పారదర్శకమైన టీపీయూ కొన్నాళ్లకు పసుపెక్కడం చూసే ఉంటారు. అది మురికి కాదు. అతినీలలోహిత కిరణాలు, ఆక్సిజన్ కలిసి దాని అణువులనే మార్చేస్తాయి కాబట్టి ఎంత తోమినా పోదు. అది నచ్చకపోతే ముదురు రంగు తీసుకోవడం సులువు.

పెట్టె మీద ‘మిలిటరీ గ్రేడ్’ అని రాసి ఉంటే దానికే ఎక్కువ డబ్బు పెట్టకండి. ఎక్కువగా వాళ్లు చెప్పేది అమెరికా సైన్యపు మిల్-ఎస్‌టీడీ-810 ప్రమాణం గురించి. అందులోని ఒక పరీక్షలో వస్తువును 122 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 26 సార్లు పడేస్తారు. కానీ ఆ 26 దెబ్బల్ని ఐదు నమూనాలకు పంచవచ్చు, కింద ఉండేది ప్లైవుడ్. పైగా కవర్లను పరీక్షించి సైన్యమేమీ సర్టిఫికెట్ ఇవ్వదు, ఆ మాట చెప్పుకునేది తయారీదారులే.

కవర్ వేశాక కూడా కొంచెం పని ఉంటుంది. లోపల చేరిన ఇసుక ఫోన్ వెనక భాగాన్ని గీకేస్తుంది, అందుకే అప్పుడప్పుడూ తీసి కడిగి, పూర్తిగా ఆరాకే మళ్లీ వేయాలి. వైర్‌లెస్ ఛార్జింగ్ వాడేవాళ్లు లోహపు పలక ఉన్న కవర్ జోలికి పోకూడదు. ప్లాస్టిక్ వేడిని తొందరగా బయటికి పోనివ్వదు, లిథియం బ్యాటరీ వేడికి త్వరగా పాతబడుతుంది. ఛార్జింగ్‌లో ఫోన్ బాగా కాలుతుంటే కాసేపు కవర్ తీసి పక్కన పెట్టండి.