వంకర ఎముకకి త్రీడీ ప్రింట్ ఇంప్లాంట్: అపోహలు - వాస్తవాలు

కొబ్బరి దింపులో చెట్టు మీంచి పడి, నాటు కట్టుతో వంకరగా అతుక్కున్న కాళ్లు, చేతులు కోనసీమకి కొత్త కాదు. అలాంటివాళ్లు చాలామంది అడిగే మొదటి మాట: "ప్రింట్ చేసిన ఎముక పెడతారా?"

అపోహ: వంకర తీయాలంటే కొత్త ఎముక ప్రింట్ చేయాల్సిందే.
వాస్తవం: ఎముక ఉండి వంకరగా అతికితే, సరైన చోట కోసి, నిలబెట్టి, మామూలు ప్లేటు బిగిస్తే సాధారణంగా సరిపోతుంది. అక్కడ ప్రింట్ చేసేది రంపం ఏ కోణంలో దిగాలో చూపే నైలాన్ గైడ్‌నే. పని అయ్యాక దాన్ని తీసేస్తారు. కణితి వల్లో, చీము వల్లో ఎముకలో పెద్ద ముక్కే పోతే టైటానియం ఇంప్లాంట్ (పోయిన ముక్క బదులు లోపల అమర్చే లోహపు ముక్క) సంగతి ఆలోచించాలి. చీము ఉంటే ముందు అది పూర్తిగా తగ్గాలి.

అపోహ: ఎక్స్‌రే పంపితే కొలత తీసేస్తారు.
వాస్తవం: ఎముక మెలిక తిరిగిందేమో ఎక్స్‌రేలో సరిగ్గా తెలియదు. కాలికైతే రెండు కాళ్లకీ తుంటి నుంచి చీలమండ దాకా సీటీ స్కాన్ కావాలి, స్లైసు (స్కాన్‌లో ఒక్కో పొర మందం) 1 మి.మీ. మించకుండా. ఫిల్మ్ చాలదు, డైకామ్ ఫైళ్లున్న (కంప్యూటర్‌లో తెరిచే అసలు స్కాన్ ఫైళ్లు) సీడీ అడిగి తీసుకోండి. బాగున్న కాలి బొమ్మని అద్దంలోలా తిప్పి వంకర కాలి మీద పెడితే తేడా డిగ్రీల్లో తేలుతుంది. రెండు కాళ్లూ వంకరైతే ఈ దారి కుదరదు. సీటీ పడుకోబెట్టి తీస్తారు, బరువు పడినప్పుడు కాలు ఎలా ఉంటుందో అందులో తెలియదు కాబట్టి, నిలబెట్టి తీసిన పొడవాటి ఎక్స్‌రే కూడా ఉండాలి.

అపోహ: కంప్యూటర్ లెక్క తప్పదు.
వాస్తవం: తప్పేది ఆపరేషన్ బల్ల మీదే. గైడ్ ఎముకని అంటుకుని ఒకే చోట కూర్చోవాలి; మధ్యలో కండ కొంచెం మిగిలినా లేచి నిలుస్తుంది, కోత పక్కకి పోతుంది. బ్లేడు మందం మేర ఎముక పొడైపోతుంది, ఆ లెక్క డిజైన్‌లోనే వేయాలి. లోపలికి బాగా వంగిన మోకాలిని ఒక్కసారే సరిచేస్తే బయటివైపు నరం సాగి పాదం పైకి లేవకపోవచ్చు. అలాంటప్పుడు కాలి చుట్టూ బయట బిగించే ఇలిజరోవ్ రింగులతో రోజుకి 1 మి.మీ. చొప్పున నెమ్మదిగా లాగడమే మేలు.

అపోహ: టైటానియం గట్టిది, వెంటనే నడవొచ్చు.
వాస్తవం: ఆ గట్టిదనమే చిక్కు. బరువంతా లోహమే మోస్తే పక్క ఎముక పలచబడుతుంది. అందుకే ఇంప్లాంట్‌ని అరమిల్లీమీటరు రంధ్రాలతో స్పాంజిలా ముద్రిస్తారు. వాటిలోకి ఎముక పెరగడానికి నెలలు పడుతుంది, అప్పటిదాకా చంక కర్రలు తప్పవు. చుట్ట, బీడీ ఆ పెరుగుదలని వెనక్కి లాగుతాయి. గాయం పూర్తిగా మానేదాకా కాలవలో, చేలో దిగొద్దు.