డ్యూరాన్ డ్యూరాన్: లిప్‌స్టిక్ వెనకాల వాయిద్యాలు (అపోహలు - వాస్తవాలు)

ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లకీ, కాలేజీ ఫంక్షన్లకీ ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయిస్తున్నాను. సాయంత్రాలు ఇంట్లో పిల్లలకి నేర్పుతాను. సింథ్ (కరెంటుతో శబ్దాలు పుట్టించే సింథసైజర్ కీబోర్డ్) సౌండ్ అంటే ఏంటో వినిపించాలంటే నేను ముందు పెట్టేది డ్యూరాన్ డ్యూరాన్ పాటలే. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ బ్యాండ్ ఇది. నిక్ రోడ్స్, జాన్ టేలర్ కలిసి 1978లో మొదలుపెట్టారు. పాట విన్నంతసేపూ పిల్లలు బాగానే ఉంటారు. ఆ లిప్‌స్టిక్, ఉబ్బించిన జుట్టు, కుచ్చుల చొక్కాలు ఉన్న ఫొటో చూపించగానే మాత్రం "వీళ్లకి నిజంగా వాయించడం వచ్చా సార్?" అంటారు. పిల్లలే కాదు, నాతో వాయించే సీనియర్లదీ అదే అనుమానం.

అపోహ: సింథ్ బ్యాండ్ కదా, బటన్ నొక్కితే మెషీనే వాయిస్తుంది.

ఈ మాట ఎక్కువగా 'రియో' పాట గురించి అంటారు. 1982 నవంబర్‌లో సింగిల్‌గా (విడి పాటగా) వచ్చింది, బ్రిటన్ పాటల చార్ట్‌లో 9వ స్థానం దాకా వెళ్లింది. అందులో నీళ్ల మీద ఎండ పడ్డట్టు మిలమిలా మెరుస్తూ పరుగెత్తే కీబోర్డ్ ఒకటి వినిపిస్తుంది. దాన్ని నిక్ రోడ్స్ రోలాండ్ జూపిటర్-4 మీద చేశాడు. ఆ సింథ్‌లో ఆర్పెజియేటర్ ఉంటుంది. మీరు నాలుగు స్వరాలు కలిపి పట్టుకుంటే అది వాటిని విడదీసి ఒక్కొక్కటిగా వాయిస్తుంది. నిక్ పట్టుకున్నది సి మేజర్ సెవెన్త్ అనే కార్డ్ (కలిపి వాయించే స్వరాల గుంపు). మన లెక్కలో సి శ్రుతికి స, గ, ప, ని. పైకి, కిందికి, పైకీ కిందికీ అని మోడ్‌లు ఉంటాయి, ఆయన పెట్టింది రాండమ్. అంటే ఏ స్వరం తర్వాత ఏది వస్తుందో వాయించేవాడికి కూడా తెలియదు.

నా స్టూడెంట్ ఒకడు ఈ బిట్‌కి నోట్స్ రాసివ్వమని వారం రోజులు వెంటపడ్డాడు. చివరికి సాఫ్ట్‌వేర్ సింథ్‌లో రాండమ్ పెట్టి, నాలుగు వేళ్లూ ఆనించి చూడమన్నాను. మొదటిసారి "వచ్చేసింది సార్" అని ఎగిరాడు. రెండోసారి నొక్కితే వేరేగా వచ్చింది, మూడోసారి ఇంకోలా. స్వరాలు అవే, వరసే మారిపోతోంది. వాడి మొహం చూడాలి!

మరి మెషీనే చేసినట్టు కదా అంటారా? కార్డ్ ఎంచుకున్నది మనిషి. ఎప్పుడు పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో, శబ్దం మెరుపుని తగ్గించే, పెంచే ఫిల్టర్ ఎంత తెరవాలో తేల్చింది మనిషి. పైగా అది 1982, వాయిద్యాలని ఒకదానితో ఒకటి కలిపే మిడి పద్ధతి ఇంకా రాలేదు. ఇవాళ కేబుల్ గుచ్చగానే అన్నీ ఒకే తాళంలో నడుస్తున్నాయి కానీ, అప్పుడు ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి క్లాక్ పల్స్ (తాళం చెప్పే కరెంటు సంకేతం) పంపి నడిపించుకోవాల్సిందే.

అదే పాట మొదట్లో లోహం గరగరలాడినట్టు ఒక వింత శబ్దం వస్తుంది. చాలామంది అదీ సింథే అనుకుంటారు. గ్రాండ్ పియానో తీగల మీద చిన్న చిన్న లోహపు కడ్డీలు పడేసి రికార్డ్ చేసి, టేపుని తిరగేసి వాడారు. నిక్ సంగీతం పద్ధతిగా నేర్చుకున్నవాడు కాదు. బ్యాండ్ పెట్టేనాటికి పదహారేళ్లు. బహుశా అందుకే పియానో మీద కడ్డీలు పడేయడానికి చెయ్యి వచ్చింది. మాలాంటి గ్రేడ్ పరీక్షల వాళ్లకి రాదు.

అపోహ: వీళ్ల పాటంటే కీబోర్డే, మిగతావాళ్లు పక్కన ఉంటారంతే.

దీనికి నా దగ్గర ఒక అనుభవం ఉంది. ఒక కాలేజీ ఫెస్ట్‌లో మేం 'రియో' ఎత్తుకున్నాం. కీబోర్డ్ భాగం నేను రెండు వారాలు కూర్చుని సెట్ చేశాను. బేస్ గిటార్ అబ్బాయికి టైం దొరకలేదు, కార్డ్‌కి ఒక నోట్ చొప్పున కొట్టుకుంటూ పోయాడు. పాట చప్పగా చచ్చింది. తప్పంతా వాడిదే కాదు, బేస్‌దేముందిలే అనుకున్నది నేనే.

ఇంటికొచ్చి హెడ్‌ఫోన్స్‌లో పై ఫ్రీక్వెన్సీలు తగ్గించి, బేస్, డ్రమ్స్ మాత్రమే వినపడేలా పెట్టుకున్నాను. మీరూ చేసి చూడండి. జాన్ టేలర్ చేతిలో బేస్ ఒక్క క్షణం ఊరుకోదు. ఆయనకి గురువులాంటివాడు షిక్ అనే అమెరికన్ డిస్కో బ్యాండ్ బేసిస్ట్ బెర్నార్డ్ ఎడ్వర్డ్స్. సెక్స్ పిస్టల్స్ అనే పంక్ రాక్ బ్యాండ్ దూకుడు, షిక్ ఊపు కలిస్తే ఎలా ఉంటుందన్నదే బ్యాండ్ మొదటి ఆలోచన. కింద రోజర్ టేలర్ డ్రమ్స్ డాన్స్ ఫ్లోర్‌ని నడిపిస్తాయి, పైన ఆండీ టేలర్ గిటార్ అచ్చమైన రాక్. 'హంగ్రీ లైక్ ద వుల్ఫ్' పుట్టుక కూడా ఇలాంటిదే. నిక్ 808 డ్రమ్ మెషీన్‌నీ, స్వరాల వరసని గుర్తుపెట్టుకుని వాయించే సీక్వెన్సర్‌నీ, జూపిటర్-8 సింథ్‌నీ కలిపి ఒక నడక తయారు చేస్తే, దాని మీద ఆండీ గరుకు గిటార్ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న బిట్) వేశాడు. లండన్‌లో రికార్డ్ కంపెనీ ఇ.ఎం.ఐ. డెమో స్టూడియోలో ఒక్కరోజులో పాట తయారైంది. ఆ గిటార్ తీసేసి ఊహించుకోండి, తోడేలు కాస్తా కుక్కపిల్ల అయిపోతుంది.

అపోహ: ముగ్గురు టేలర్లూ అన్నదమ్ములు.

కారు. ఏ చుట్టరికమూ లేదు.

అపోహ: ఆ వేషాలన్నీ రికార్డ్ కంపెనీ వేయించింది.

ఇ.ఎం.ఐ. వీళ్లని తీసుకున్నది 1980 చివర్లో. అప్పటికే బర్మింగ్‌హామ్ బ్రాడ్ స్ట్రీట్‌లోని రమ్ రన్నర్ క్లబ్ వీళ్ల అడ్డా. నిక్ అక్కడ డీజే, జాన్ గుమ్మం దగ్గర కాపలా, రోజర్ ఖాళీ గ్లాసులు ఏరేవాడు, ఆండీ వంటింట్లో. ముస్తాబై వచ్చే జనాన్ని రోజూ చూస్తూ పెరిగిన వేషం ఇది. యూనివర్సిటీలో నాటకం చదువుతున్న సింగర్ సైమన్ లె బాన్ మొదటిసారి బ్యాండ్‌ని కలవడానికి గులాబీ రంగు చిరుతపులి మచ్చల ప్యాంటు వేసుకుని, పాటలు రాసుకున్న పుస్తకం పట్టుకుని వచ్చాడు. ప్యాంటు సంగతే అందరూ చెప్పుకుంటారు, నాకు మాత్రం ఆ పుస్తకం ముఖ్యం. డిజైనర్ ఆంటొనీ ప్రైస్ సూట్లు 'రియో' వీడియో నాటికి వచ్చినవి.

అపోహ: వీడియోలు లేకపోతే ఈ పాటలు ఎవరూ వినేవాళ్లు కాదు.

ఇది సగం నిజం. పాటల వీడియోలు వేసే అమెరికన్ చానల్ ఎంటీవీ మొదలైంది 1981 ఆగస్టు 1న. 'ప్లానెట్ ఎర్త్' అప్పటికే బ్రిటన్‌లో 12వ స్థానానికి వెళ్లింది, 'గర్ల్స్ ఆన్ ఫిల్మ్' ఆ వేసవిలోనే 5వ స్థానానికి ఎక్కింది. సొంత దేశంలో ముందు పాటే అమ్ముడుపోయింది. అమెరికా సంగతి వేరు. అక్కడ 'హంగ్రీ లైక్ ద వుల్ఫ్'ని 3వ స్థానం దాకా మోసింది చాలావరకు వీడియోనే. దాన్ని చూసి "ఇది మన ఇండియాలో తీశారు" అనేవాళ్లు చాలామంది తగిలారు. తీసింది శ్రీలంకలో, డైరెక్టర్ రసెల్ మల్కాహీ. 'సేవ్ ఎ ప్రేయర్' కూడా అదే ట్రిప్‌లో సిగిరియా కొండ మీద, పొలన్నరువ శిథిలాల్లో తీశారు.

అపోహ: సింగిల్ అంటే ఆల్బమ్‌లోంచి తీసిన పాటే.

మన సినిమాల "ఫస్ట్ సింగిల్" అలవాటుతో ఇలా అనుకుంటాం. 'ఈజ్ దేర్ సమ్‌థింగ్ ఐ షుడ్ నో?' 1983 మార్చిలో విడుదలైన వారమే బ్రిటన్‌లో నేరుగా ఒకటో స్థానంలో దిగింది, అక్కడ అది ఏ ఆల్బమ్‌లోనూ లేని పాట. 'మై ఓన్ వే' సింగిల్‌లో తీగవాద్యాల డిస్కో హోరు ఉంటుంది, ఆల్బమ్‌కి మళ్లీ వేరేగా రికార్డ్ చేశారు.

అన్నిటికన్నా మంచి ఉదాహరణ 'ద రిఫ్లెక్స్'. 1983 ఆల్బమ్‌లో ఉన్నది పర్వాలేదు అనిపించే పాట. దాన్ని నైల్ రోజర్స్ చేతికిచ్చారు. ఆయన కూడా షిక్ మనిషే. సైమన్ గొంతుని ముక్కలు చేసి, నత్తి పట్టినట్టు మళ్లీ మళ్లీ కొట్టించాడు, డ్రమ్స్ ముందుకు తెచ్చాడు. కంపెనీ వాళ్లకి మొదట నచ్చలేదు. 1984లో ఆ రూపంలోనే బ్రిటన్‌లోనూ, అమెరికాలోనూ ఒకటో స్థానం. రీమిక్స్ అనగానే పాత పాటకి డీజే బీట్ తగిలించడం అనుకునేవాళ్లకి ఈ రెండూ పక్కపక్కన పెట్టి వినిపిస్తాను.

అపోహ: స్టేజీ మీద పెదాలు కదుపుతారంతే.

టీవీ షోల్లో ఆ రోజుల్లో దాదాపు అందరూ అదే చేశారు, వీళ్లూ చేశారు. కానీ 1985 జూలై 13, ఫిలడెల్ఫియా, లైవ్ ఎయిడ్ అనే విరాళాల కచేరీ చూడండి. వీళ్ల 'ఎ వ్యూ టు ఎ కిల్' అప్పుడు అమెరికాలో నంబర్ వన్. జేమ్స్ బాండ్ పాటల్లో అక్కడ ఆ స్థానం దక్కింది దీనికొక్కదానికే. స్టేడియం నిండా జనం, టీవీల ముందు ప్రపంచం. సరిగ్గా పై స్థాయి స్వరం దగ్గర సైమన్ గొంతు జీరపోయి పగిలింది. టేపు పెట్టుకున్నవాడికి అలా జరగదు. దాన్ని చూసి మా సింగర్లు నవ్వుతారు. వాళ్లని ఆ స్వరం పట్టమంటే మాత్రం శ్రుతి రెండు మెట్లు దించమని నా వైపు చూస్తారు.